గూటికి, గాలికి నడుమ

ఇంగ్లండు పల్లెపట్టున వసంతకాలపు కాకివేట

మే నెల రెండవ వారము వచ్చునప్పటికి ఇంగ్లండు పల్లెసీమలలో ఆష్, బీచ్, సికమోర్ వృక్షములు ఇంకను నిండుగా ఆకు తొడగవు. తొడిగిన లేతాకుల సందుల నుండి ఆకాశము జల్లెడలో నుండి చూచినట్లు తునుకలు తునుకలుగా కనబడుచుండును. ఆ కొమ్మల చివరలందు, ఎండుపుల్లలతో అల్లిన గూళ్ల ప్రక్కనే, నల్లని పిల్లలు బారులు తీరి కూర్చుండి, రెక్కలు విదిలించుచు, మేతకై నోళ్లు తెఱచి అఱచుచుండును. అవి గూటిలో ఇముడు వయసు దాటినవి. గాలిలో నిలుచు నేర్పు ఇంకను పొందనివి. ఒక కొమ్మ నుండి వేరొక కొమ్మకు తడబడుచు దుమికి, పట్టు తప్పి, మరల పట్టుకొని, ఊపిరి బిగబట్టి కూర్చుండును. ఇంగ్లీషువారు వీనిని బ్రాంచర్లు అందురు. మనము కొమ్మపిల్లలు అనుకొందము. ఈ దశ కొలది దినములకన్న ఎక్కువ నిలువదు. ఆ కొలది దినములను కనిపెట్టియే చెట్ల క్రిందికి తుపాకులు వచ్చును.

ఈ పక్షి పేరు రూక్. మన పెరటి కాకికి దాయాదియే కాని, అలవాట్లలో వేఱు. ఒడలు నల్లపట్టువలె నిగనిగలాడుచు, ఎండ తగిలినప్పుడు ఊదావన్నె విసరును. తొడలమీది ఈకలు వదులుగా జారి పొట్టిలాగు తొడిగినట్లుండును. ముక్కు మొదట ఈకలు రాలి, బూడిదవన్నె చర్మము బయటపడి, బ్రదుకంతయు మట్టి పెళ్లగించుటలో గడపిన ముసలి పాలేరు మొగమువలె తోచును. పిల్లలకు మాత్రము ఈ బోసిమొగము లేదు. తొలియేట వాని ముక్కుమొదట నల్లని ఈకలే యుండును గనుక క్రొత్తవాడు వానిని మామూలు కాకులని పొరబడును. ఒంటిగా కనబడినది కాకియనియు, గుంపుగా కనబడినవి రూకులనియు గుర్తుపట్టవలెనని అచటి రైతులు నవ్వుచు చెప్పుదురు. ఆ గుర్తు ఎల్లప్పుడు నిలువదు గాని, రూక్ ఏకాంతము నెఱుగదనుట మాత్రము నిజము. పదుల కొలదిగా, ఒక్కొకచో నూర్ల కొలదిగా గూళ్లు కట్టి చెట్లపైననే ఒక పల్లె వెలయించును. దానికి రూకరీ యని పేరు. ఫిబ్రవరి చివర నుండి పుల్లలకై తగవులాడును. ప్రక్కగూటివాడు మేతకు పోయిన తరుణము చూచి వాని పుల్లలు దొంగిలించి తన గూటిలో దోపును. గ్రుడ్లపై కదలక కూర్చున్న ఆడుదానికి మగది నాలుక క్రింది సంచిలో మేత నింపుకొని వచ్చి అందించును. గ్రుడ్లు సామాన్యముగా నాలుగు. పొదుగుటకు 16 మొదలు 18 దినములు. రెక్క ముదురుటకు ఇంచుమించు నెల. మార్చి చివర పెట్టిన గ్రుడ్డు మే రెండవ వారమునకు కొమ్మపిల్ల యగుననుట ఈ లెక్క చూచినవారికి ఎల్లరకును తెలియును; శాస్త్రజ్ఞులు దానిని పుస్తకములకెక్కింపక మునుపే వేటకాండ్రు మే 12వ తేదీ ప్రాంతమని గురుతు పెట్టుకొనిరి. మన రైతునకు ఏరువాక పున్నమ యెట్టిదో, ఆ పల్లెలకు ఈ దినము అట్టిది.

ఈ కొమ్మపిల్లల విషయము ఒక రాజ్యపు శాసనమునకే ఎక్కినదనిన చదువరులు వింతపడుదురు. స్కాట్లండు రాజు మొదటి జేమ్సు కాలమున, 1424వ సంవత్సరమున, అచటి పార్లమెంటు ఒక చట్టము చేసినది. చర్చి ప్రాంగణములలోను, పండ్లతోటలలోను, చెట్లపైనను గూళ్లు కట్టు రూకులు ధాన్యమునకు గొప్పకీడు చేయుచున్నవి గనుక, ఆ చెట్ల యజమానులు వానిని కట్టనీయరాదనియు, ఏవిధముగను పిల్లలను ఎగిరిపోనీయరాదనియు అందు విధించిరి. మే మొదట వచ్చు బెల్టేన్ పండుగనాడు చెట్టుపై గూడు కనబడి, పిల్లలు ఎగిరిపోయినట్లు తేలినచో, ఆ చెట్టు రాజుగారి వశమగును; యజమాని 5 షిల్లింగుల జరిమానా చెల్లింపవలెను. ఈ శాసనమును తెలిసికొన్నప్పుడు నాకు తొలుత నవ్వు వచ్చెను. పిమ్మట దానిని వ్రాసినవారి చూపునకు ఆశ్చర్యము కలిగెను. పెద్దపక్షిని చంపుమని వారు చెప్పలేదు. అది చేతికి చిక్కదని వారెఱుగుదురు. గూటికి, గాలికి నడుమనున్న ఆ కొలది దినములే మనుష్యుని చేతికందు వేళయని గ్రహించి, నేరమును ఆ గడువునకే ముడివేసిరి.

ఇంగ్లండు రాజులు అంతటి సూక్ష్మమునకు పోక సంఖ్యలతో సరిపెట్టుకొనిరి. ఎనిమిదవ హెన్రీ 1532లో చేయించిన చట్టము ప్రకారము ప్రతి గ్రామము కాకులను పట్టు వలనొకదానిని సమకూర్చుకొని కాపాడవలెను. ఎలిజబెత్ రాణి కాలమున 1566లో వచ్చిన చట్టము తలలకు వెల కట్టినది: మూడు పెద్దతలలకు ఒక పెన్నీ, ఆఱు పిల్లతలలకు ఒక పెన్నీ. చర్చి ధర్మకర్తలు ఈ చిల్లరను పంచి, గంటత్రాళ్ల ఖర్చుల సరసనే కాకితలల ఖర్చును గూడ పద్దులలో వ్రాసికొనిరి.

ఇంతవఱకు కథ సుబోధకము: పక్షి గింజ తినును, రైతు కోపించును, రాజు చట్టము చేయును. కాని ఇక్కడనే ఒక మడత యున్నది. ఈ వేటను అర్థము చేసికొనుటకు అదియే కీలకమని నా యభిప్రాయము. రూకరీ యుండునది సాధారణముగా రైతు చెట్టుపై గాదు. భూస్వామి భవనము చుట్టునున్న ముదిచెట్లపైన. రూకులు పెద్దచెట్లనే కోరును. పెద్దచెట్లు తరతరములుగా ఒక్క కుటుంబము చేతిలోనున్న నేలపైననే మిగులును. కావున ఇంటిముందు రూకరీ యుండుట ప్రాతవంశమునకు లక్షణమయ్యెను. రాత్రికి రాత్రి ధనము గడించినవాడు భవనము కట్టగలడు, తోట వేయగలడు, కాని రూకులను పిలువజాలడు. చార్లెస్ డికెన్స్ తన 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' నవలలో ఈ బడాయిని సుతిమెత్తగా ఎగతాళి చేసెను: బాలుని తండ్రి తన యింటికి రూకరీ యని పేరు పెట్టుకొనెను, చెట్లపై పాతగూళ్లును ఉన్నవి, పక్షులు మాత్రము ఏనాడో విడిచిపోయినవి. ఇట్లు దొర గౌరవమునకు నిలిచిన పక్షి మేతకు పోవునది కౌలురైతు విత్తిన పొలమునకు. దొర రూకరీని నిర్మూలింపడు. రైతు దానిని సహింపలేడు. ఈ యిరువురి నడుమ ఏటేట జరుగు రాజీయే మే నెల వేట. పెద్దపక్షులు దొరవి, వానిని ముట్టరాదు. ఆ యేటి పిల్లలలో కొన్ని రైతువి. వినోదమను పేరు దానికి పైపూత.

ఈ రాజీకి తగినట్లుగనే నమ్మకములును పుట్టినవి. ఏటేట పిల్లలను కాల్చకున్నచో రూకులు ఆ తావును విడిచిపోవునని కొన్ని పల్లెలలో ఒక నమ్మకముండెడిది. ఇది ఎవరికి అనుకూలమైన నమ్మకమో చెప్పనక్కరలేదు. రెండవ నమ్మకము ఇంతకన్న గంభీరము. ఇంటి యజమాని మరణించినప్పుడు ఎవరైన చెట్ల క్రిందికి పోయి ఆ వార్తను రూకులకు చెప్పవలెను. చెప్పనిచో అవి అలిగి లేచిపోవును, వానితోడనే ఆ యింటి భాగ్యమును పోవును. దీనిని విన్న తెలుగువాడు ఒక్కక్షణమాగక తప్పదు. మన యింటను పెద్ద పోయిన పదవనాడు పిండము పెట్టి, కాకి వచ్చి ముట్టువఱకు చేతులు జోడించి నిలుచుందుము; రాకున్నచో పోయినవారికేదో తీరని కోరిక మిగిలినదని గుసగుసలాడుదుము. అచట చావువార్త మనుష్యుడు కాకికి చెప్పును. ఇచట చచ్చినవాని మనసు కాకి మనుష్యునికి చెప్పును. సంబంధము ఒక్కటియే, నడచు దిక్కు వేఱు. గింజ తినని పక్షియైనచో తగవే లేదు: శ్రీకాకుళపు తేలినీలాపురములోను, అనంతపురపు సీమలోని వీరాపురములోను దూరము నుండి వచ్చి ఊరిచెట్లపై గూళ్లు కట్టు కొంగలను పల్లెవారు శుభముగా భావించి కాపాడుచున్నారు, అవి చేపలు తినును, చేను ముట్టవు. ఇంటి భాగ్యమే పొలములోని విత్తనమును పెఱికి తినుచున్నప్పుడు ఏమి చేయవలెనను చిక్కు వారికి రాలేదు.

మరల డికెన్స్ దగ్గఱకే వత్తము. 1836లో నెలనెల భాగములుగా వెలువడుచుండిన 'పిక్‌విక్ పేపర్స్'లో ఒక ఉదయపు రూక్ వేట యున్నది. పల్లె పెద్దమనిషి వార్డిల్ తన యతిథులను చెట్ల క్రిందికి కొనిపోవును. చింపిరిగుడ్డల పిల్లవాండ్రిద్దఱు చెట్లెక్కుచుందురు. వారిని చూచి పిక్‌విక్ దొర కలవరపడును: సేద్యపు పనులు సన్నగిల్లుటచే పేదపిల్లలు తుపాకికి గుఱిగా నిలిచి పొట్టపోసికొనుచున్నారేమో యని ఆయన సందేహము. పక్షులను లేపుటకు మాత్రమేయని వార్డిల్ ఊరడించును. తుపాకి పట్టుటే తెలియని వింకిల్ దొర పేల్చిన గుండు రూకులను విడిచి స్నేహితుడైన టప్‌మన్ చేతిలో దిగును. చదువరులు వింకిల్‌ను చూచి నవ్వుదురు. నా మనసు చెట్లెక్కిన పిల్లవాండ్రయొద్దనే నిలిచినది. ఏలయనిన, ఆ యేండ్లలోనే వార్విక్‌షైరు సీమలోని బార్ఫర్డు పల్లెలో, 1826లో పుట్టిన జోసెఫ్ ఆర్చ్ అను బాలుడు తొమ్మిదేండ్ల వయసున దినమునకు 12 గంటలు పొలములలో కాకులను తోలుచు 4 పెన్నీలు కూలి సంపాదించుచుండెను. జొన్నచేలో మంచె యెక్కి, వడిసెల త్రిప్పుచు, గొంతు బొంగురుపోవువఱకు కేకలు వేసిన మన పల్లెపిల్లవానికి ఈ బ్రదుకు తెలియును. ఒక తేడా కలదు: మన పిల్లవానికి తఱచు అది సొంతచేను, మంచెపై ఒక పాటయు ఉండును, ఆర్చ్‌నకు పరులచేను, నిదురపోయినచో బెత్తము. ఈ బాలుడే పెద్దవాడై, 1872లో వెల్స్‌బర్న్ గ్రామమున చెస్ట్‌నట్ చెట్టు క్రింద నిలిచి వ్యవసాయ కూలీల సంఘమునకు పునాది వేసి, 1885లో పార్లమెంటు సభ్యుడయ్యెను. కాకులను తోలిన గొంతు అంతదూరము వినబడినది.

ఆయుధముల సంగతి కొంచెము చెప్పవలెను. మొదట చిన్నగుండ్లను విసరు అడ్డవిల్లులు వాడిరి. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున ఈ యొక్క పక్షి కొఱకే రూక్ రైఫిలను తుపాకి వెలసినది. హాలండ్ అండ్ హాలండ్ వంటి లండను దుకాణములు దానిని నగిషీలు చెక్కి ఆభరణమువలె తయారుచేసి యమ్మెను. గొట్టము సన్నము, మందు స్వల్పము, చప్పుడు కొంచెము. కొమ్మపై కదలక కూర్చున్న పిల్లను, మాంసము చెడకుండ, ఒక్క గుండుతో దింపుటకు తగిన కొలత. అనంతరము .22 రైఫిలు చవుకగా దొరకుటతో ఆ వన్నెతుపాకులకు కాలము చెల్లెను. పెక్కింటి గొట్టములను తొలిచి రవ్వతుపాకులుగా మార్చివేసిరి. ఎగురునదానిని కొట్టుటయే క్రీడయని గర్వించు దొరలు, కూర్చున్నదానిని, అదియు ఎగురలేనిదానిని కొట్టుట కొఱకు ప్రత్యేకముగా ఆయుధము చేయించుకొనిరనుట చరిత్రలోని చిన్న వికటము. ఒక ప్రమాదము మాత్రము వింకిల్ నాటికన్న నేడే హెచ్చు: పైకి పేల్చిన .22 గుండు తప్పినచో మైలునకు మించి పోగలదు, ఆకాశము దాని కడ్డుగోడ కాదు. తెలిసినవాడు గుండు వెనుక మ్రాను లేని పిల్లపై పేల్చడు; లేక గాలితుపాకితోనో, రవ్వతుపాకితోనో తృప్తిపడును.

రాలినవానిని ఏమి చేయుదురు? పై వండుకొందురు. పై యనగా లోన కూరను, మీద పిండిరేకును ఉంచి కుంపటిపెట్టెలో కాల్చు వంటకము. రూకును బొచ్చు పెఱుకరు, చర్మముతో సహా ఒలిచివేయుదురు. రొమ్ముమాంసమును, కొందఱు తొడలను గూడ గ్రహించి, వెన్నుభాగము చేదని పాఱవేయుదురు. పాలలో ఊరవేయువారును కలరు. పంది కొవ్వుముక్కలును, మిరియాలును, ఉల్లియు చేర్చి వండినచో పావురము మాంసమునకు తీసిపోదని రుచి చూచినవారి మాట. ఒక్కొకపిల్లకు దక్కునది రెండు ముద్దలు మాత్రమే గనుక ఒక పైకి పిల్లలు పెక్కు కావలెను. పేదవానికి అది ఏడాదికొకమాఱు వచ్చు మాంసభోజనము, దొరకు అది హాస్యవిందు.

ఇక అసలు లెక్కకు వత్తము: రూక్ రైతునకు శత్రువా, మిత్రమా? మొలకెత్తుచున్న గింజను పొడవైన ముక్కుతో పెఱికి తినును. వాలిన పైరుమీద గుంపుగా దిగి త్రొక్కి పాడుచేయును. ఇది కన్నులకు కనబడు నష్టము. కాని అదే ముక్కుతో నేల త్రవ్వి, వేళ్లను కొఱుకు తీగపురుగులను, పొడవుకాళ్ల యీగల డింభకములను బయటికి లాగి మ్రింగును. ఇది కనబడని లాభము. రైతు నష్టమునే చూచుటలో తప్పులేదు. మొలక లేని చాలు కన్నులయెదుట నుండును, పుట్టని పురుగును ఎవడు చూచెను? రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆహారపు కొఱత ముంచుకొనివచ్చినప్పుడు ప్రభుత్వము ఈ తగవును తేల్చదలచి జేమ్స్ ఫిషర్ అను పక్షిశాస్త్రజ్ఞుని చేత దేశమంతట రూకరీలను లెక్కింపజేసినది. గూళ్ల సంఖ్య తేలినది, తగవు తేలలేదు.

ఈ విషయమున నాకు అన్నిటికన్న విలువైనదిగా తోచినది స్కాట్లండు ఈశాన్యమున, అబర్డీన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులైన జార్జ్ డన్నెట్, ఇయన్ పాటర్సన్ మొదలగువారు ఐథన్ ఏటి లోయలో 1960ల నుండి చేసిన పని. రూకునకు కఱవుకాలము మంచు కురియు శీతకాలమని అందఱనుకొనుచుండగా, వారు కనుగొన్నది వేఱు: నడివేసవి. మట్టి యెండి గట్టిపడును. వానపాములు లోతునకు పోవును. పైరు ఇంకను పాలు పోసికొనదు. అప్పుడే గూడు విడిచిన పిల్ల, త్రవ్వుట సరిగా నేర్వకయే, ఆ కఱవులో పడును. తుపాకి తప్పించుకొన్న పిల్లలలో పెక్కు ఆ వేసవిని దాటజాలవు. కావున మే నెలలో రాలినవి చాలవఱకు జూలైలో ఎటులను రాలునవియే. వానికై ఖర్చుచేసిన మందుగుండు మఱుసటి యేటి గింజను కాపాడునను నమ్మకము నాకు లేదు. పెద్దపక్షులు నిలిచియే యున్నవి గదా! గూళ్లు తగ్గవు, పొలముపై గుంపు తగ్గదు. దొరకు రూకరీ మిగిలినది, రైతునకు ఏదో చేసితినను తృప్తి మిగిలినది. ఆ పూర్వపు రాజీ ఇందుకొఱకే ఇంతకాలము నిలిచినదేమో.

నేటి చట్టము ఆ రాజీని గుర్తింపదు. 1981 నాటి వన్యప్రాణి చట్టము క్రింద అడవిపక్షులు సామాన్యముగా రక్షితములే. రూకును చంపవలెనన్నచో పంటకు తీవ్రనష్టమును వారించుటకని జారీచేసిన సామాన్య అనుమతికి లోబడి, ఇతరోపాయములు పనిచేయవని తేలిన పిదపనే చంపవలెను. వినోదము కారణముగా చెల్లదు. పై వండుకొను కోరికయు చెల్లదు. 2019 ఏప్రిల్‌లో వైల్డ్ జస్టిస్ అను సంస్థ న్యాయపోరాటమునకు పూనుకొనగా ప్రభుత్వసంస్థ ఆ అనుమతులను హఠాత్తుగా రద్దుచేసెను. కొమ్మపిల్లల గడువు ముంగిటనుండగా పల్లెలలో గగ్గోలు పుట్టెను. జూన్‌లో క్రొత్త అనుమతులు వచ్చునప్పటికి పిల్లలు ఎగిరిపోయినవి. ఆఱువందల యేండ్ల వెనుక స్కాట్లండు పార్లమెంటు దేనికై జరిమానా విధించెనో అదియే ఆ యేట అధికారుల చేతిమీదుగా జరిగినది! 2021లో రూకును జాగ్రత్తపడవలసిన పక్షుల పసుపుపట్టికలో చేర్చిరి. మన దేశముననైతే 1972 నాటి చట్టము కాకిని ఎలుకలతోను, గబ్బిలములతోను కలిపి చీడజంతువుల పట్టికలో నుంచెను. 2022 సవరణ ఆ పట్టికనే తొలగించినది. పిండము ముట్టు పక్షి ఏబదియేండ్లు చీడగా నుండెనని మనలో ఎందఱెఱుగుదురు?

గౌరవము లేనిచోట ఈ పక్షి గతి యేమగునో చూడవలెనన్నచో న్యూజిలండునకు పోవలెను. 1860, 70 దశకములలో ఇంగ్లండు నుండి వెళ్లి స్థిరపడినవారు స్వదేశపు జ్ఞాపకముగను, పురుగులను తినుననియు రూకులను ఓడలలో కొనిపోయి వదలిరి. అచట ప్రాతవంశములు లేవు, వంశచిహ్నముగా దానిని దాచుకొనువారు లేరు. నేడు హాక్స్ బే వంటి మండలములలో దానిని సమూలముగా తొలగించుటకై, హెలికాప్టరు నుండి త్రాటికి వ్రేలాడుచున్న మనిషి గూటిగూటికిని దిగి విషపులేపనము పూయుచున్నాడు. అదే పక్షి, అదే గింజ, అదే గూడు. దాని వెనుక నిలిచిన దొర మాత్రము లేడు.

దొరతోటలును మునుపటివలె లేవు. రూకులు అన్నిటికన్న ఎక్కువగా ప్రేమించిన ఎల్ము చెట్లు 1970 దశకమున శిలీంధ్రపు తెగులు తగిలి కోట్ల కొలదిగా కూలినవి. ఆకాశమున వ్రేలాడిన పల్లెలు ఒక్క తరములో నేలబడగా, రూకులు ఆష్ చెట్లకు, సికమోర్లకు కాపురము మార్చుకొనెను. 2012 నుండి ఆష్ చెట్లకును వేఱొక తెగులు పట్టినది. ఇటీవల కొన్నిచోట్ల రూకులు పొలముల నడుమ నిలిచిన ఎత్తైన విద్యుత్తు స్తంభముల ఇనుపచట్రములలో పుల్లలు పేర్చి గూళ్లు కట్టుచున్నవి. మార్చి గాలికి తీగలు రొదచేయుచుండ, మగపక్షి ప్రక్కచట్రము నుండి పుల్ల దొంగిలించుచునే యున్నది. మే నెలలో పిల్లలు ఆ ఇనుపకడ్డీల పైకి వచ్చి కూర్చుండును. క్రింది నుండి తుపాకి యెత్తి లక్షవోల్టుల తీగల నడుమకు గుండు పేల్చు ధైర్యము వింకిల్ దొరకైన ఉండదు.